ఒరేయ్ శీనుగా, ఆ ఏడు సెకన్లు విను

హైదరాబాద్,
ఆదివారం పొద్దున

ఒరేయ్ శీనుగా,

జవాబు రాసేసరికి ఇంత ఆలస్యమైంది, ఎంత తిట్టుకున్నా నీ హక్కే. ఇంట్ల అందరు మంచిగున్నరు, ఉద్యోగం నడుస్తున్నది, "గేటు పదింటికే" అంకుల్ ఇంకా గేటు కాడనే ఉన్నడు. ఇగ అసలు సంగతికొస్తా, కడుపుల ఆగుతలేదు.

"ఈ జంగిల్ మ్యూజిక్ అంటే ఏందిరా, డబ్బాల గులకరాళ్లేసి ఊపినట్టున్నది" అని రాసినవు కదా. ఆ గులకరాళ్ల వెనక ఒక్క మనిషున్నడు. గ్రెగరీ కోల్‌మన్, ద విన్‌స్టన్స్ అనే అమెరికా సోల్ బ్యాండు డ్రమ్మర్. 1969ల "ఆమెన్, బ్రదర్" అని ఒక రికార్డు వచ్చింది, అదీ బి సైడు, అంటే రికార్డు వెనక దిక్కు పాట. నడుమల అందరు ఆగిపోతరు, ఆయనొక్కడే నాలుగు బార్లు వాయిస్తడు, బారంటే నాలుగు బీట్ల ఆవర్తనం. మొత్తం ఏడు సెకన్లు. 1990ల మొదట్ల లండన్ పోరగాళ్లు ఆ ఏడు సెకన్లు కోసి, తిప్పి, మల్ల కోసి ఒక సంగీతమే కట్టిన్రు. కోల్‌మన్‌కు దాంట్ల పైసా రాలే, 2006ల పోయిండు. బ్యాండు లీడర్ రిచర్డ్ స్పెన్సర్‌కు మాత్రం 2015ల జనం చందాలేసి దాదాపు 24 వేల పౌండ్లిచ్చిన్రు. అది తల్సుకుంటే నాకు... సరే పోనీ.

ముందు ఊకె విను. మొదటి రెండు బార్లు ఒక్కటే. మూడో బారుల ఒక స్నేర్, అదే టప్పుమనే చిన్న డ్రమ్ము, కావాలనే ఆలస్యంగ పడతది. నాలుగో బారుల మొదటి బీటు ఖాళీ, ఆ తర్వాత ఎదురుచూడని చోట క్రాష్ సింబల్, ఇత్తడి పళ్లెం మోత. ఆ ఖాళీ ఉన్నది చూడు, జంగిలంత ఆ ఖాళీల నుంచే పుట్టిందంటా నేను.

ఇగ కోసుడు. ఆడాసిటీ అని ఆడియో కోసే సాఫ్ట్‌వేర్, ఫ్రీ, దాంతోనే మొదలుపెట్టు. అసలు వేగం నిమిషానికి 137 బీట్ల దాక ఉంటది, మనకు 160 నుంచి 170 కావాలె. స్పీడు, పిచ్ (శ్రుతి) రెండూ కలిసి పెరిగే ఎఫెక్టే వాడు, 19 శాతం పెంచు. శ్రుతి మూడు సెమీటోన్లు, అంటే హార్మోనియంల మూడు మెట్లు, పైకి లేస్తది, వేగం 163 కాడ ఆగుతది. స్నేర్ సన్నగ, కోపంగ అయితది, ఆ కోపమే కావాలె. పిచ్ కదలకుండ వేగం మాత్రం పెంచితే సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని తునకలు చేసి అతికిస్తది, దెబ్బ మొదట్ల ఉండే పదును చస్తది. అదే గొంతు మీదైతే ఆ రోగమే అందం! అకాయ్ ఎస్950 అని 12 బిట్ల సాంప్లర్, అంటే శబ్దాన్ని పట్టి ముక్కలుగ వాయించే మిషను, దాంట్ల గొంతును మరీ సాగదీస్తే రేకు మోగినట్టొస్తది, పాత ట్రాకులల్ల అదే వినబడతది.

తర్వాత ప్రతి దెబ్బ మొదట్ల కోయి. అల సున్నా గీత దాటే చోటనే కత్తెర పడాలె, లేకుంటే టిక్కుమంటది. అయినా టిక్కుమంటే చివర ఒకటి రెండు మిల్లీసెకన్లు ఫేడ్ చెయ్యి. ముక్కలన్నీ సాంప్లర్‌ల ఒకే చోక్ గ్రూపుల పెట్టు. కొత్త ముక్క మోగంగనే పాతది నోరు మూయాలె. లేకుంటే సింబల్ తోకలు ఒకదాని మీదొకటి పడి లొల్లి లొల్లి. కొత్తోళ్లు చెడగొట్టేది ఇంకోటున్నది, సందు దొరికితే దెబ్బ ఏస్తరు. 165 కాడ బీటుల నాలుగో వంతంటే 91 మిల్లీసెకన్లే, అన్నీ నింపితే చెవికి ఏదీ అందదు. రెండో బీటు, నాలుగో బీటు స్నేర్లను చాలా బార్లల్ల కదలనియ్యకు, మిగిలినయి నీ ఇష్టం.

బేస్ దగ్గరికొస్తే ఇంకా మజా. డ్రమ్స్ 165ల ఉరుకుతుంటయి, బేస్ మాత్రం జమైకా రెగె పాటల లెక్క 82 మీద తాపీగ నడుస్తది. దీనికి నేను పెట్టుకున్న పేరు "వన్ బై టూ". ఎందుకో నీకు తెలుసు, ఇంకెవ్వరికి చెప్పకు. భుజాలు బేస్‌తోనే ఊపాలె, డ్రమ్స్ ఎంబడి పడితే రెండు నిమిషాలల్ల దమ్మొస్తది. బేస్‌కు సైన్ వేవ్, అంటే ఉత్త నున్నటి స్వరం, 45 నుంచి 55 హెర్ట్జ్ నడుమ పెట్టు. డ్రమ్ ముక్కలల్ల 120 హెర్ట్జ్ కింద ఉన్నది తీసెయ్యి, లేకుంటే కిక్కు (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), బేస్ కొట్లాడుకుంటయి. ఫోన్ స్పీకర్‌ల విని బాగలేదనకురా, దాంట్ల 50 హెర్ట్జ్ పుట్టనే పుట్టదు!

ఇప్పటోళ్లల్ల టిమ్ రీపర్‌తో మొదలుపెట్టు. క్లోక్‌తో కలిసి 2024ల హైపర్‌డబ్ లేబుల్‌ల ఆల్బమ్ ఏసిండు. తర్వాత షెరెల్, నియా ఆర్కైవ్స్, నెదర్లాండ్స్ నుంచి కోకో బ్రైస్. హార్డ్‌కోర్ అని ఎతికేటప్పుడు జర పైలం, ఆ పేరు మీద రెండు వేరే సంగీతాలున్నయి. 1991, 92ల ఇంగ్లండ్ హార్డ్‌కోర్ జంగిల్‌కు తల్లి, దాంట్ల ఇట్లాంటి ముక్కల డ్రమ్సే. రాటర్‌డ్యామ్ గ్యాబర్ వేరే కథ, రోలాండ్ 909 అనే డ్రమ్ మిషను కిక్కును పగిలేదాక డిస్టార్ట్ చేసి నాలుగు బీట్ల మీద నాలుగు గుద్దులు. నాకైతే అది పదినిమిషాలు మించి ఎక్కదు, నీకు మస్తు నచ్చుతదని అనుమానం.

ఇంకోటి, అన్నిటికంటె పెద్దది. మన తీన్‌మార్ డప్పును ఇట్ల కోస్తే? బారాత్‌కు ఆనుకొని నిలబడి ఫోన్‌ల రికార్డు చేస్తే పగిలిపోతది, పది అడుగులు ఎనక్కి జరిగి లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండ చూడాలె. చిక్కేందంటే ఆ నడక మూడుల ఉంటది, ఆమెన్ నాలుగుల. సాఫ్ట్‌వేర్‌ల గీతల గ్రిడ్‌ను ట్రిప్లెట్‌కు, అంటే బీటుకు మూడు భాగాలకు, మార్చి, కింది బేస్‌ను మాత్రం...

అరె, కింద మామ హారన్ మీద హారన్ కొడుతున్నడు, పోవాలె. మిగిలింది మల్ల రాస్తా, హెడ్‌ఫోన్స్ కొను ముందు.

నీ
రవిగాడు