మొవ్వు బతికుండగానే చెట్టు కొట్టేశారు

సంపాదకులు గారికి,

నమస్కారం. పార్కులో నాటిన అరుదైన పామ్ చెట్లు (మన కొబ్బరి, తాటి కుటుంబానివే) ఎండిపోయాయని, 'వాతావరణం అనుకూలించలేదు' అని అధికారులు చెప్పారని మీ పత్రికలో వార్త వచ్చి పది రోజులు దాటింది. కోపంలో రాయకూడదని ఇన్నాళ్ళూ ఆగాను. మొన్న ఆదివారం వెళ్ళి చూసొచ్చాక ఇక ఆగలేకపోతున్నాను. ఆ చెట్లను చంపింది వాతావరణం కాదు. ఏ చెట్టు ఏ నేలదో, దానికేం కావాలో తెలుసుకోకుండా తెచ్చి నాటారు, నాటి వదిలేశారు, చివరికి బతికున్నవాటిని కూడా కొట్టేస్తున్నారు.

నేను వెళ్ళేసరికి ఒక చెట్టును అప్పుడే నరికి పడేశారు. కింది ఆకులన్నీ ఎండి వేలాడుతున్న మాట నిజమే. కానీ దగ్గర కూర్చుని మట్టలు విడదీసి చూస్తే లోపల మొవ్వు తెల్లగా, గట్టిగా ఉంది. గోరుతో గీస్తే నీరు చిమ్మింది. అంటే ఆ చెట్టు చావలేదు. కూలీలను అడిగితే "ఎండిన చెట్లు తీసేయమన్నారు సార్" అన్నారు. వాళ్ళను ఏమనగలం?

మామూలు చెట్టుకు కొమ్మ విరిగితే పక్క నుంచి ఇంకో చిగురు వస్తుంది. ఒంటి మాను పామ్ చెట్టుకు ఎదిగే చోటు ఒక్కటే, నడినెత్తిన ఉండే మొవ్వు. అది బాగుంటే ఆకులన్నీ మాడినా చెట్టు కోలుకోవచ్చు. అది కుళ్ళితే చుట్టూ ఆకులు నెలల తరబడి పచ్చగా కనిపించినా లాభం లేదు. విచ్చుకోకుండా బల్లెంలా నిలబడి ఉండే కొత్త ఆకును పట్టుకుని లాగి చూడాలి. ఊడి చేతికొచ్చి కుళ్ళు వాసన కొడితే మొవ్వుకుళ్ళు. బిగువుగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. కొబ్బరి తోట ఉన్న ఏ రైతునడిగినా చెబుతాడు. కుళ్ళు మొదట్లోనే కనిపెడితే చెడిన భాగం తీసేసి మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్ట్ పూసి బతికించుకున్న చెట్లున్నాయి. ఇంత సులువైన పరీక్ష చేయకుండా చెట్టు చచ్చిందని ఎవరు సంతకం పెట్టారు?

ఇక ఎంపిక సంగతి. తెచ్చినవాటిలో లిప్‌స్టిక్ పామ్ ఉంది. ఎర్రటి కాండంతో ఎంత అందంగా ఉంటుందో చెప్పక్కర్లేదు. కానీ దాని పుట్టిల్లు మలయా, సుమత్రా, బోర్నియోల చిత్తడి అడవులు. గాలిలో ఏడాది పొడవునా తేమ, వేళ్ళ కింద ఆరని నేల, చలి అన్నదే తెలియని చోటు. దాన్ని తీసుకొచ్చి సిమెంటు బాట పక్కన, వేడిగాలి నేరుగా కొట్టే చోట పెట్టారు. వారానికోసారి ట్యాంకర్ నీళ్ళు పోశారట. మరోపక్క మడగాస్కర్ గడ్డిమైదానాల బిస్మార్క్ పామ్‌ను చెరువు గట్టున నీరు నిలిచే పల్లంలో నాటారు. దాని వెండి ఆకులు ఎండకు, నీటి ఎద్దడికి తట్టుకునేవి. ఈ రెండూ చోట్లు మార్చుకుని ఉంటే రెండిటికీ బతికే అవకాశం ఉండేది. ఇందులో వాతావరణం చేసిన తప్పేమిటి?

పైగా పదిహేనడుగుల చెట్లనే తెచ్చారు. ప్రారంభోత్సవం రోజుకి ఫొటోలో పెద్దగా కనిపించాలి కదా! పామ్ చెట్టుకు తల్లివేరు ఉండదు, మాను అడుగు నుంచి పీచువేళ్ళు వస్తాయి. తవ్వి తీసేటప్పుడు అవి తెగుతాయి. కొబ్బరి లాంటివాటికి తెగిన వేరు నుంచి కొత్త పిల్లవేళ్ళు వస్తాయి గానీ కొన్ని జాతుల్లో తెగిన వేరు పూర్తిగా చచ్చిపోయి, మాను మొదట్లోంచి మళ్ళీ కొత్త వేళ్ళు పుట్టాలి. అది నెలల పని. బిస్మార్క్ పామ్‌కు వేళ్ళు తెగడం అసలు గిట్టదు, చిన్న మొక్కగా కుండీ నుంచి దించి పెంచుకోవాలి. అలాంటి చెట్లను చలి మొదలయ్యే రోజుల్లో, మాను మొదలు రెండడుగుల లోతున మునిగేలా పాతిపెట్టారు. నేను వేలితో మట్టి తవ్వి చూశాను. అంత లోతున మాను చుట్టూ తడి నిలిచి కుళ్ళిపోతుంది.

ఆకులు కొట్టడం ఇంకో దారుణం. కింది ఆకులు కాస్త పసుపు తిరిగితే చాలు, అందంగా లేవని గొరిగేస్తున్నారు, నెత్తిన చీపురుకట్ట మిగిలినట్టు. పొటాష్ చాలనప్పుడు పామ్ చెట్టు ముసలి ఆకుల్లో ఉన్నదాన్ని తీసుకుని కొత్త ఆకుకు పంపుకుంటుంది. ఆ ఆకులు కోసేస్తే లోపం పైనున్న ఆకులకు ఎక్కుతుంది. కోసిన గాయాల వాసనకు ఎర్రముక్కు పురుగు చేరుతుంది. ఇవి చాలవన్నట్టు రంగు దీపాల వైర్లకు మాను నిండా మేకులు కొట్టారు. పామ్ మాను మీద పడిన గాయం మానదు, ఆ చిల్లు చెట్టు ఉన్నంతకాలం అలాగే ఉంటుంది. ఒక చెట్టుకు పదకొండు మేకులు లెక్కపెట్టాను. పేరు పలక కూడా మేకుతోనే కొట్టారు, దాని మీద రాసిన పేరూ తప్పే.

నేను ఇరవై ఏళ్ళుగా ఈ చెట్లు పెంచుతున్నాను కాబట్టి ఇంత బాధ. మా పెరట్లో ఒక లిప్‌స్టిక్ పామ్ ఉంది, గింజ నుంచి మొలిపించుకున్నదే. తొట్టిని ఎప్పుడూ నీళ్ళ పళ్ళెంలో ఉంచుతాను. వేసవిలో పెద్ద చెట్టు నీడన, చలికాలం రాత్రుళ్ళు వరండాలో. ఆరో ఏడు ఆకు తొడుగు మొదట్లో వేలెడు మేర ఎరుపు తిరిగింది. ఆ ఉదయం ఇంట్లో అందరినీ నిద్ర లేపి చూపించాను. వాతావరణం పడని చోట ఇవి పెరగవు అనేవాళ్ళు ఒకసారి వచ్చి చూడొచ్చు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది, ఇకమీదట అరుదైన చెట్లు నాటబోమని ఆ వార్తలో చెప్పిన మాట. తాలియేరా అని తాళజాతి చెట్టు ఒకటుంది. బతుకంతటికీ ఒక్కసారే పూసి, కాసి, చచ్చిపోతుంది. 1979లో శాంతినికేతన్ దగ్గర, సహజంగా పెరిగినవాటిలో మిగిలిందనుకున్న చివరి చెట్టు పూతకొస్తే, దయ్యం పట్టిన తాడిచెట్టు అనుకుని గింజ కట్టకముందే కొట్టేశారు. ఢాకా విశ్వవిద్యాలయంలో ఇంకో చెట్టు ఉండబట్టి సరిపోయింది. అది 2008లో పూస్తే దాని గింజల నుంచి మొక్కలు పెంచారు. మారిషస్‌లోని క్యూర్‌పీప్ ఉద్యానంలో ఒక పామ్ జాతికి ప్రపంచం మొత్తం మీద ఒకే ఒక్క చెట్టు ఉంది. ఇలాంటివి నాలుగు చోట్ల నాలుగు ఉండాలనే కదా ఉద్యానాలు పెట్టుకున్నది?

అసలు పార్కుకు తోటపని తెలిసిన మనిషి ఇప్పుడున్నాడా? ఇదివరకు ఒక పెద్దాయన ఉండేవాడు, ప్రతి చెట్టునూ పలకరిస్తున్నట్టు చూసుకునేవాడు. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టులో ఎవరినీ వేయలేదు. అంతా కాంట్రాక్టే. మొక్క తెచ్చేది ఒకరు, గుంత తీసేది ఇంకొకరు, నీళ్ళు పోసేది మరొకరు. చెట్టు పోతే అడగడానికి మనిషే లేడు. రోడ్డు వేసినా, కాలువ తవ్వినా, చెట్టు నాటినా ఇదే వరస. మీ విలేకరి కూడా ఇంకో రెండు ప్రశ్నలు అడిగి ఉండాల్సింది. ఏ జాతులు కొన్నారు, ఎవరి సలహాతో కొన్నారు, నాటాక చూసే బాధ్యత ఎవరిది అన్నవి ఇప్పుడైనా అడిగి ప్రచురించండి.

ఆదివారం నాటికి ఇంకా మూడు చెట్లు నిలబడి ఉన్నాయి. చెరువు వైపు ఉన్నదాని కొత్త ఆకు పట్టుకుని లాగి చూశాను, బిగువుగానే ఉంది. వానలు వెళ్ళేదాకా దాని మీద కత్తి పెట్టొద్దని అధికారులను వేడుకుంటున్నాను. మాను చుట్టూ ఎక్కువున్న మట్టి తీయాలి, నీరు పోవడానికి కాలువ చేయాలి, మేకులు కొట్టడం ఆపాలి. మనుషులు లేరంటే ఆ మూడింటి పనీ నేనే వచ్చి చేసుకుంటాను. గేటు దగ్గర లోపలికి రానిస్తే చాలు.

ఇట్లు,
మీ పత్రిక పాత పాఠకుడు