సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) వచ్చి ఉద్యోగం లేక ఖాళీగా ఉన్నవాళ్లకి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, 200 గంటల ఫ్లయింగ్‌తో సీపీఎల్ చేతికొచ్చిందని అప్పు చేసి మరీ ఏ320 టైప్ రేటింగ్‌కి (ఎయిర్‌బస్ ఏ320 నడపడానికి విడిగా తీసుకునే అర్హత) పరుగెత్తకండి. రేటింగ్ ఉన్నంత మాత్రాన ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. ముందు అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్, అంటే స్టూడెంట్లకి ఫ్లయింగ్ నేర్పే అర్హత, సంగతి చూడండి. జీతం తక్కువే. మే నెల ఎండలో సెస్నా 172 అనే చిన్న ట్రైనింగ్ విమానం కుడి సీట్లో, స్టూడెంట్ ల్యాండింగ్‌కి గుండె గుభేల్‌మంటూ, ఉడికిపోతాం కూడా. కానీ మన జేబుకి చిల్లు పడకుండా లాగ్‌బుక్ ఫ్లయింగ్ గంటలతో నిండుతుంది. ఏటీపీఎల్‌కి (ఎయిర్‌లైన్ కెప్టెన్ అవ్వడానికి కావాల్సిన లైసెన్స్) 1500 గంటలు కావాలి మరి!

క్లాస్ 1 మెడికల్ (పైలట్ల ఆరోగ్య సర్టిఫికెట్), ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) గడువు దాటనివ్వకండి. "సీటు ఖాయం, అడ్వాన్స్ కట్టండి" అనే ఏజెంట్ల ఫార్వర్డ్‌లు ఈ గ్రూప్‌లో పెట్టొద్దు, ప్లీజ్. బేగంపేట, నాదర్‌గుల్ వైపు ఇన్‌స్ట్రక్టర్ ఖాళీలు తెలిస్తే మాత్రం వెంటనే పెట్టండి.