మూడింటి మెలకువ

సంపాదకులకు,

తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోందని ఎవరైనా అంటే, తిరుపతిలో వెంటనే వచ్చే మాట ‘సుప్రభాతం వేళ కదా, మంచిదే’. ఎనిమిదింటికే పడుకుని మూడింటికి లేచి స్నానం చేసేవారి సంగతి వేరు. పదకొండుకు నడుం వాల్చి, మూడు నుంచి ఫ్యాను కేసి చూస్తూ తెల్లారేదాకా దొర్లడం వేరు. వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలు ఇలా సాగి పగటి పనులు దెబ్బతింటుంటే అది నిద్రలేమి జబ్బే. పైగా పొద్దున మనసు మరీ బరువై, సాయంత్రానికి కాస్త తేలికపడుతుంటే డిప్రెషన్ ఉందేమో చూపించుకోవాలి.

కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే ఒత్తిడి హార్మోను కార్టిసాల్ అర్ధరాత్రి ప్రాంతంలో అడుగంటుతుంది. రెండు, మూడింటి నుంచి ఎక్కుతూ, నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటకు పూర్తిగా పైకి చేరుతుంది. డిప్రెషన్ ఉన్న చాలామందిలో రాత్రిపూట అది దిగాల్సినంత దిగదు. నిద్ర పలచబడుతుంది, ఆ పలచటి నిద్ర కార్టిసాల్‌ను ఇంకా ఎగదోస్తుంది. వాపును అణిచే హార్మోనే కదా, ఎక్కువుంటే నష్టమేమిటని కొందరి సందేహం. నెలల తరబడి అదే పోరు పెడితే రోగనిరోధక కణాలు దాని మాట లెక్కచేయవు. రక్తంలో సీఆర్పీ, ఐఎల్-6 లాంటి వాపు గుర్తులు పెరుగుతాయి, వైరస్‌ను తట్టుకునే శక్తి మాత్రం తగ్గుతుంది. 2015లో అమెరికాలో 164 మంది ఆరోగ్యవంతుల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. ఏడు గంటలు దాటి నిద్రపోయేవారితో పోలిస్తే, ఆరు గంటల లోపే నిద్రపోయేవారికి జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లు పైమాటే. ఇమ్యూనిటీ పొడులకు డబ్బు పోసేవారు ముందు నిద్ర లెక్క చూసుకోవాలి.

ఆ లెక్క ఇలా. వారం, రెండు వారాలు పడుకున్న వేళ, లేచిన వేళ, నిజంగా నిద్రపట్టిన గంటలు నోటుబుక్కులో రాయండి. ఎనిమిది గంటలు మంచం మీదుండి ఐదున్నర గంటలే నిద్రపోతుంటే, లేచే టైము 5.30కు ఖాయం చేసుకుని రాత్రి 12కు ముందు పడుకోకండి. ఆదివారమైనా అంతే. సుమారు ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో కూర్చోండి, ఫోను ముట్టకుండా. మంచం మీద గడిపే టైములో 85 శాతం నిద్రే అయ్యాక, పడుకునే వేళను పావుగంట ముందుగా పెట్టుకోండి. ఐదు గంటలకు తక్కువగా ఎన్నడూ కుదించొద్దు. మొదటి వారం పగలు కళ్లు మూతలు పడతాయి, చాలామంది వదిలేసేది అక్కడే. ఘాట్ రోడ్డులో బండి నడిపేవారు, ఫిట్స్, బైపోలార్ (మనసు అతి ఉత్సాహానికీ, దిగులుకూ మారే జబ్బు) ఉన్నవారు డాక్టరును అడగకుండా ఇది చేయకూడదు. సాయంత్రం ఆరింటి కాఫీలో దాదాపు సగం కెఫీన్ రాత్రి పదకొండుకు ఒంట్లోనే ఉంటుంది, దాన్నీ ఆపండి.

పాత చీటీతో మెడికల్ షాపులో ఆల్ప్రజోలామ్ అనే ఆందోళన తగ్గించే మత్తు బిళ్ల కొనే అలవాటు ఇంకా పోలేదు. ఒంటికి అలవాటైన బిళ్ల ఒక్కసారిగా మానితే నిద్రలేమి రెట్టింపై వస్తుంది, ఒక్కోసారి ఫిట్స్ కూడా. వారాల మీద కొంచెం కొంచెంగా, డాక్టరు చెప్పినట్టే తగ్గించాలి. ఆస్తమాకు స్టెరాయిడ్ బిళ్లలు రాత్రిపూట వేసుకుంటున్నవారు పొద్దున టిఫిన్ తర్వాతకు మార్చుకోవచ్చా అని అడగండి, కొందరి నిద్ర సమస్య అక్కడే తీరిపోతుంది.

చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఈ లెక్కలేవీ వద్దు. ఆ రాత్రే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైను టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. అది 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

- ఒక మనోవైద్యుడు, తిరుపతి