కొత్త ఇంజన్ మెయిన్ ట్రాక్ ఎక్కించే ముందు

అందరికీ నమస్తే, మోడల్ రైళ్ళలో డీసీసీకి (పట్టాల ద్వారానే ఒక్కో ఇంజన్‌కి విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) కొత్తగా మారినవాళ్ళు ఇది ఒక్కసారి చదవండి. కొత్త డీకోడర్ (ఇంజన్‌లో ఉండి ఆ ఆదేశాలు అందుకునే చిప్) మామూలుగా అడ్రస్ 3 తోనే వస్తుంది, అంటే రెండు కొత్త ఇంజన్లు పట్టాల మీద పెట్టి కంట్రోలర్‌లో 3 నొక్కి నాబ్ తిప్పితే రెండూ కదిలిపోతాయి. నిన్న నాకదే అయింది, రెండోది స్టేషన్లో ఆగే ఉందనుకున్నా, అది వెనకనుంచి వచ్చి పెట్టెల్ని గుద్దేసింది, చివరి పెట్టె కప్లింగ్ విరిగిపోయింది, ప్రాణం ఉసూరుమంది.

అందుకే ముందు ప్రోగ్రామింగ్ ట్రాక్ (సెట్టింగులు మార్చడానికి విడిగా పెట్టుకునే పట్టా ముక్క) మీద ఒక్క ఇంజన్నే పెట్టి అడ్రస్ మార్చండి. అక్కడ కరెంట్ బాగా తక్కువ వస్తుంది కాబట్టి వైరింగ్‌లో తప్పున్నా డీకోడర్ కాలిపోయే భయం తక్కువ. డీకోడర్‌లో ఒక్కో సెట్టింగ్ ఉండే నంబరు గడిని సీవీ అంటారు, చిన్న అడ్రస్ సీవీ 1లో ఉంటుంది, నాలుగంకెలది కావాలంటే సీవీ 17, 18, పైగా సీవీ 29లో ఒక బిట్ కూడా మారాలి, కంట్రోలర్‌లో అడ్రస్ మెనూ ఉంటే అందులోంచే ఇవ్వండి, తలనొప్పి ఉండదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి సీవీ 3, సీవీ 4. మొదటిది స్పీడ్ అందుకోవడానికి, రెండోది ఆగడానికి. రెండూ సున్నా అయితే బండి ఎగిరినట్టు బయల్దేరుతుంది, కొంచెం కొంచెం పెంచుతూ చూడండి, నిజంగా బరువు లాగుతున్నట్టు మెల్లగా కదులుతుంది, ఎంతసేపు చూసినా తనివి తీరదు. కానీ సీవీ 4 మరీ ఎక్కువైతే నాబ్ సున్నాకి తెచ్చాక కూడా జారుతూ పోయి సిగ్నల్ దాటేస్తుంది.

అంతా గందరగోళమైతే చాలా డీకోడర్లలో సీవీ 8లో 8 రాస్తే మొదటికొస్తుంది, కొన్నిటికి వేరే నంబర్ ఉంటుంది, మాన్యువల్ చూడండి. అడ్రస్ కూడా మళ్ళీ 3 అవుతుంది, మర్చిపోకండి.