డిసెంబర్ వార్తాలేఖ: నాలుగో తరగతి గోడమీది వ్యాసాల గురించి

న్యూజెర్సీ, డిసెంబర్ 8, 2007

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

గత ఆదివారం మన తెలుగు బడిలో నాలుగో తరగతి గది బయట అతికించిన పిల్లల వ్యాసాల గురించి ఈ వారమంతా మీలో చాలామంది మాట్లాడుకుంటున్నారు. కొందరు ఫోన్ చేశారు, కొందరు ఈమెయిల్ పంపారు, మరికొందరు పార్కింగ్ స్థలంలో నన్ను ఆపి మరీ అడిగారు. ఎవరికి ఏం చెప్పానో నాకే గుర్తులేని స్థితి రాకముందే అందరికీ ఒకే జవాబు రాయడం మంచిదనిపించింది.

జరిగింది ఇది. నవంబర్‌లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ సెలవులకు ముందు నాలుగో తరగతి టీచరుగారు పిల్లలకు ఒక పని అప్పగించారు. సెలవుల్లో చూసినదేదైనా సరే, దాని గురించి తెలుగులో, సొంతంగా, పది వాక్యాలు రాసుకు రావాలి. ఊళ్ళు తిరిగినవారు, బంధువుల ఇళ్ళకు వెళ్ళినవారు ఉన్నా, తరగతిలో ఎక్కువమంది రాసింది ఒకే సినిమా గురించి. నవంబర్ 21న విడుదలై, ఆ సెలవు రోజుల్లో అమెరికా మొత్తంమీద వసూళ్ళలో మొదటి స్థానంలో నిలిచిన డిస్నీవారి ‘ఎన్‌చాంటెడ్’ అది. ఇంకా చూడని పెద్దల కోసం కథ రెండు మాటల్లో చెబుతాను. చేతితో గీసిన బొమ్మల రాజ్యం అండలేసియాలో జిసెల్ అనే అమ్మాయికి ఎడ్వర్డ్ అనే రాకుమారుడు ఎదురవుతాడు. ఇద్దరూ కలిసి ఒక పాట పాడుకుని, తెల్లవారగానే పెళ్ళి అని నిశ్చయించుకుంటారు. రాకుమారుడి సవతితల్లి నరిస్సా రాణి ఆ అమ్మాయిని బావిలోకి తోసేస్తే, ఆమె బొమ్మ రూపం పోయి నిజమైన మనిషిగా మన పక్కనున్న న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో మ్యాన్‌హోల్ మూత ఎత్తుకుని పైకి వస్తుంది. ఆమెకు ఆశ్రయమిచ్చే రాబర్ట్ విడాకుల కేసులు చూసే లాయరు, ఆరేళ్ళ కూతురిని ఒంటరిగా పెంచుతున్న తండ్రి, నాన్సీ అనే ఆమెతో ఐదేళ్ళుగా పరిచయమున్నా పెళ్ళిమాట ఇప్పుడిప్పుడే ఎత్తబోతున్న మనిషి. ఒక్కరోజు పరిచయంతో పెళ్ళేమిటని అతను, ఐదేళ్ళయినా అడగకపోవడమేమిటని ఆమె వాదులాడుకుంటారు. సినిమాకు ఆయువుపట్టు ఆ వాదనే, మన గొడవకు మూలమూ అదే.

ఒక అమ్మాయి ఇలా రాసింది: “ఒక్క రోజు చూసి ఎలా పెళ్ళి చేసుకుంటావు అని రాబర్ట్ జిసెల్‌ని అడిగాడు. మా అమ్మ మా నాన్నని అరగంట చూసింది. తరవాత పెళ్ళి చేసుకుంది. వాళ్ళు పాట కూడా పాడలేదు.” ఈ నాలుగు వాక్యాలే ఊరంతా తిరిగాయి. తక్కిన పిల్లలు ఇళ్ళకు వెళ్ళి, అమ్మానాన్నలు ఎంతసేపు చూసుకున్నారో, ఏం మాట్లాడుకున్నారో, పెళ్ళిచూపుల్లో నచ్చకపోతే ఏం చేసేవారో వరసపెట్టి అడిగారట. కొన్ని ఇళ్ళలో నవ్వులు, కొన్ని ఇళ్ళలో మౌనం, ఒకటి రెండు ఇళ్ళలో “అలాంటివి అడగకూడదు” అన్న కసురు వచ్చాయని పిల్లల ద్వారానే నాకు తెలిసింది. ఆ అమ్మాయి తల్లిగారికి నేను స్వయంగా ఫోన్ చేసి, అభ్యంతరముంటే వ్యాసం తీసేస్తామని చెప్పాను. ఆవిడ నవ్వి, “అరగంట ఎక్కడిదండీ, కాఫీ చల్లారకముందే అయిపోయింది, కావాలంటే అది సరిచేయించండి” అన్నారు. సొంత తల్లిదండ్రులకు లేని ఇబ్బంది తక్కినవారికి ఎందుకు కలిగిందో నాకు ఇప్పటికీ స్పష్టంగా లేదు.

తెలుగు బడిలో ఇంగ్లీషు సినిమా గోల ఏమిటని కొందరు అడిగారు. ఆ సినిమాను ఎంచుకున్నది మేము కాదు, పిల్లలు. దానికి మీరే టికెట్లు కొన్నారు. ఆడపిల్లలకు రాకుమారి పిచ్చి ఎక్కించడమెందుకని ఇంకొందరు అడిగారు. ఆ గోడ దగ్గర ఐదు నిమిషాలు నిలబడి చదివి ఉంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు. కిటికీ తెరలు కత్తిరించి జిసెల్ గౌన్లు కుట్టుకోవడం గురించి ఒక అమ్మాయి రాసిన మాట నిజమే, వాళ్ళింట్లో తెరలు క్షేమంగానే ఉన్నాయని విచారించాను. కానీ మరో అమ్మాయికి నచ్చిన ఘట్టం పూర్తిగా వేరు: “జిసెల్‌కి కోపం వచ్చింది. ముందు ఎప్పుడూ రాలేదు. కోపం వచ్చిందని సంతోషంతో నవ్వింది.” సినిమా చూసిన పెద్దల్లో ఎంతమంది దాన్ని ఇంత సూటిగా పట్టుకుంటారు? చివరలో రాణి డ్రాగన్‌గా మారి రాబర్ట్‌ను ఎత్తుకుని భవనం పైకి ఎగబాకితే, రాకుమారుడి కత్తి పట్టుకుని వెంటపడేది జిసెల్ అని ముగ్గురు రాశారు. “అంతవరకు బాగుంది, డ్రాగన్ ఎందుకు పెట్టారు?” అని ఒక అబ్బాయి నిలదీశాడు. ఈ విషయంలో నేను ఆ అబ్బాయి పక్షమే.

మన పిల్లల గురించి ఇంకా చెప్పకుండా ఉండలేను, సంపాదకులు కత్తిరించినా సరే. బొమ్మల భాగంలో తెరమీది బొమ్మ చిన్నగా ఉండి, జిసెల్ న్యూయార్క్ చేరగానే అటూ ఇటూ పెరిగి వెడల్పయిందని తరగతిలోని కవలల్లో ఒకడు రాశాడు. అది నిజంగా అలాగే తీశారు. హాల్లో నా పక్కన కూర్చున్న ఇంజనీరుగారు మాత్రం గమనించలేదు. అడవి జంతువులను పిలిచినట్టు జిసెల్ పాడితే న్యూయార్క్‌లో ఎలుకలు, పావురాలు, బొద్దింకలు వచ్చి ఇల్లు శుభ్రం చేసిన పాటను ఇంకొక పిల్లవాడు ఎంత వివరంగా వర్ణించాడంటే, బొద్దింకలు స్నానాల తొట్టి తోమే దగ్గర మా టీచరుగారు కాగితం పక్కన పెట్టేశారు. తమ్ముడి వ్యాసం చూసి ఉండబట్టలేక ఏడో తరగతి అమ్మాయి ఒకటి రాసి తెచ్చింది, ఎవరూ అడగకుండానే. ఆమెది అభిమాని ఫిర్యాదు. నాన్సీ వేషం వేసిన ఇడినా మెంజెల్ ‘వికెడ్’ నాటకంతో 2004లో అమెరికా నాటకరంగపు టోనీ బహుమతి పొందిన గాయని. ఆ నాటకానికి పాటలు కట్టిన స్టీఫెన్ ష్వార్ట్జ్ ఈ సినిమాకూ పాటలు రాశారు. అయినా ఇన్ని పాటల సినిమాలో ఆమెచేత ఒక్క పాటా పాడించలేదు. “ఇది అన్యాయం” అని ముగించింది. కారణం, దాని వెనుక కారణం, ఆపైన తీర్పు, అన్నీ తెలుగులోనే. పదకొండు ‘ఎందుకంటే’లు ఉన్నాయి, ఉండనివ్వండి.

ఇక నన్ను నిద్రపోనివ్వని వ్యాసం సంగతి. సినిమాలో పిప్ అనే ఉడుత జాతి ప్రాణి ఒకటుంది. బొమ్మల రాజ్యంలో అది గలగలా మాట్లాడుతుంది. న్యూయార్క్‌లో అడుగుపెట్టగానే నిజమైన ఉడుతలా కీచుమనడం తప్ప మాట రాదు. నథానియల్ అనే సేవకుడు చేస్తున్న ద్రోహాన్ని రాకుమారుడికి చెప్పాలని చేతులూ కాళ్ళూ ఆడించి, పడి లేచి, నానా తంటాలు పడుతుంది. ఆయన అదంతా తన మీద అభిమానం కాబోలనుకుని పొంగిపోతాడు. హాలంతా పడీపడీ నవ్విన ఘట్టమది. మన అబ్బాయి రాసింది ఇది: “పిప్ అండలేసియాలో బాగా మాట్లాడతాడు. న్యూయార్క్‌లో మాట రాదు. చేతులతో చూపిస్తాడు. ఎడ్వర్డ్‌కి అర్థం కాదు. నేను గుంటూరులో పిప్‌ని.”

తొమ్మిదేళ్ళ పిల్లవాడు నాయనమ్మ ముందు నిలబడి, చెప్పాలనుకున్నది కడుపులో ఉండి కూడా నోటికి రాక చేతులు ఆడిస్తున్నాడు. ఆవిడ అది ఆకలి అనుకుని ఇంకో గారె వడ్డిస్తూ ఉంటుంది. మన బడి ఉన్నది ఎందుకని నన్ను ఎవరైనా అడిగితే ఇకమీదట ఆ కాగితం చూపిస్తాను. ఏటా ఉగాదికి మన పిల్లలు వేమన పద్యాలూ సుమతీ శతకమూ తప్పులేకుండా అప్పజెబుతారు, మనం వీడియో తీసి ఇండియాకు పంపి మురిసిపోతాము; నేనూ మురిసిపోతాను, పద్యం నోటికి రావాలని పట్టుబట్టేది నేనే. కానీ పద్యం అప్పజెప్పే పిల్లవాడు, చెల్లెలు తన బొమ్మ లాక్కుంటే ఏ భాషలో పోట్లాడుతున్నాడో వినండి. కోపం, ఎగతాళి, సందేహం, బేరం, అబద్ధం, చాడీ ఇవన్నీ ఇంగ్లీషులో నడిచి, దణ్ణం పెట్టడం ఒక్కటే తెలుగులో నడిస్తే, ఆ భాష ఆ పిల్లవాడికి పండగ బట్టలతో పాటు పెట్టెలోకి వెళ్ళిపోతుంది. సినిమా నచ్చిందని తెలుగులో చెప్పాలి, ఎందుకు నచ్చలేదో తెలుగులో వాదించాలి, అమ్మానాన్నల పెళ్ళి మీద కూడా తెలుగులోనే అనుమానం వ్యక్తం చేయాలి. ఆ నాలుగు వాక్యాల్లో పిల్లలు తరచూ తడబడే ‘చూసి’, ‘చూసింది’, ‘చేసుకుంటావు’, ‘చేసుకుంది’ అన్నీ సరిగ్గా పడ్డాయి. ‘పాట కూడా పాడలేదు’ అన్న దెప్పు ఏ వాచకంలోనూ లేదు. ఆ అమ్మాయికి అది ఎవరో ఇంట్లో మాట్లాడగా వచ్చింది. ఆ ఇంటికి నా నమస్కారాలు.

అన్ని ఇళ్ళ గురించీ ఇదే మాట అనగలిగితే బాగుండేది. ఈ వ్యాసాలకు అభ్యంతరం చెబుతూ నాకు వచ్చిన ఈమెయిళ్ళన్నీ, ఒక్కటి తప్పకుండా, ఇంగ్లీషులో ఉన్నాయి. కంప్యూటర్‌లో తెలుగు రాయడం ఇప్పుడు అంత కష్టమేమీ కాదు. కష్టమనిపిస్తే ఫోన్‌లో తెలుగులో తిట్టినా సంతోషిస్తాను. పిల్లవాడు తడుముకుంటూ తెలుగులో మొదలుపెట్టిన వాక్యాన్ని మనం ఓపిక చాలక ఇంగ్లీషులో పూర్తి చేసేయడం నేను వరండాలో ప్రతి ఆదివారమూ చూస్తున్నాను. ఎవరినీ ఉద్దేశించి అనడం లేదు, చదివేవారికి తెలుస్తుంది. అలాగే, రెండో తరగతి నుంచి కూడా మాకు కొన్ని సినిమా వ్యాసాలు అందాయి. వాటిలో ఒకటి “ఆద్యంతం ప్రేక్షకులను రసానుభూతిలో ఓలలాడించిన అపురూప దృశ్యకావ్యం” అని మొదలవుతుంది. రాసినవారి భాష మీద మాకు ఎంతో గౌరవం కలిగింది. ఉపాధ్యాయుల కొరత ఉన్నందున, ఆ నాన్నగారు వచ్చే నెల నుంచి ఒక తరగతి తీసుకోవలసిందిగా ఇందుమూలంగా ఆహ్వానిస్తున్నాము. కారులో మోకాలి మీద కాగితం పెట్టుకుని, బడి ముందు ఆగాక రాసిన పది వాక్యాలు ఎలా ఉంటాయో కూడా మాకు బాగానే తెలుసు. పెన్సిల్ గీత చూస్తే చాలు. చివరగా, సినిమా ఇంకా హాళ్ళలోనే ఆడుతుండగా “మేము ఇంట్లో డిస్కులో చూశాము, మధ్యలో ఎవరో లేచి వెళ్ళారు” అని ఒక చిన్నారి అమాయకంగా రాసింది. ఆ కాగితం గోడకు అతికించలేదు. అంతకంటే ఏమీ అనను.

మిగతా విషయాలు: డిసెంబర్ 23, 30 తేదీల్లో బడి లేదు, జనవరి 6న తరగతులు మళ్ళీ మొదలవుతాయి, సంక్రాంతి సంబరాలు జనవరి 19, శనివారం, బొమ్మల కొలువుకు బొమ్మలు ఇచ్చేవారు అడుగున పేరు రాయండి, మంచు కురిస్తే ఉదయం ఎనిమిదికల్లా ఈమెయిల్ వస్తుంది, ఫీజు బాకీలు ఎవరివో వారికే తెలుసు.

వ్యాసాలు శీతాకాలం సెలవుల దాకా గోడమీదే ఉంటాయి. తమ పిల్లల వ్యాసం తీసేయాలనుకునేవారు ముందుగా ఆ పిల్లలను అడిగి, వారు ఒప్పుకుంటే వారిచేతనే నాకు చెప్పించండి, తెలుగులో.

ఈ వారం నాకు తెలుగులో వచ్చిన ఉత్తరం ఒకటుంది. తెనాలి నుంచి మనవడి దగ్గరకు వచ్చిన ఒక అమ్మమ్మగారు, రూళ్ళ కాగితం మీద రెండు వైపులా రాసి, మనవడి సంచిలో పెట్టి పంపారు. పిల్ల అరగంట అని రాసినందుకు పెద్దలంతా ఎందుకు కంగారు పడుతున్నారో తనకు బోధపడలేదని, జీలకర్ర బెల్లం పెట్టి అడ్డుతెర దించేదాకా తాను ఆయన మొహమే చూడలేదని, తెర దించాక కూడా తల ఎత్తే ధైర్యం లేక ముందు కాళ్ళు చూశానని, ఆ కాళ్ళకు పారాణి ఒలికిపోయి ఉంటే నవ్వు ఆపుకోలేక పెద్దలచేత చీవాట్లు తిన్నానని రాశారు. సినిమా కూడా మనవడితో వెళ్ళి చూశారు. సెంట్రల్ పార్కులో ఊరివాళ్ళంతా కలిసి ఆడిపాడిన పాట ఆవిడకు బాగా నచ్చిందట. ఆ లాయరబ్బాయి కూతురికి కథలు చెప్పకుండా గొప్పవాళ్ళ జీవితాల పుస్తకం చేతిలో పెట్టడం మాత్రం నచ్చలేదు. ఇక్కడి ఇళ్ళలోనూ అదే చూస్తున్నానని, రాత్రిళ్ళు పిల్లలకు స్పెల్లింగులే గానీ కథలు లేవని ఒక చురక వేశారు. నేను వేయాలనుకున్న చురకే గనుక యథాతథంగా అందజేస్తున్నాను.

ఆవిడను డిసెంబర్ 16న నాలుగో తరగతికి ఆహ్వానించాము. పెళ్ళి గురించి, సినిమా గురించి పిల్లలు ఏది అడిగినా జవాబు చెబుతానన్నారు. ఇంగ్లీషు రాదు కాబట్టి ప్రశ్నలన్నీ తెలుగులోనే అడగాలి. తల్లిదండ్రులు వెనుక వరసలో కూర్చుని వినవచ్చు, పది గంటల తరవాత తలుపు వేసేస్తాము. ప్రశ్నలు పిల్లలే రాసుకుంటారు. దయచేసి ఇంట్లో సరిదిద్ది పంపవద్దు.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు