గెలీలియో తర్కంతో తేల్చింది ఎంత?

సంపాదకులకు,

గెలీలియో ఒక్క రాయీ పడేయకుండా, కేవలం ఆలోచనతోనే అన్ని వస్తువులూ సమంగా పడతాయని నిరూపించాడన్న మాట సైన్సు వ్యాసాల్లో తరచూ కనిపిస్తుంది. అనుభవంతో పనిలేకుండా ప్రకృతి గురించి తెలుసుకోవచ్చనడానికి తత్త్వవేత్త జేమ్స్ రాబర్ట్ బ్రౌన్ దీన్నే ఉదాహరణగా చూపిస్తారు. ఇందులో సగమే నిజం.

1638లో అచ్చయిన ఆ వాదన ఇది. బరువైనదే వేగంగా పడుతుందనుకుందాం. పెద్ద రాయి వేగం 8, చిన్నదాని వేగం 4. రెంటినీ కలిపి కడితే చిన్నది పెద్దదాన్ని వెనక్కి లాగుతుంది, కాబట్టి వేగం 8 కంటే తగ్గాలి. కానీ జంట బరువు పెద్ద రాయి బరువు కంటే ఎక్కువ, కాబట్టి 8 దాటాలి. రెండూ ఒకేసారి కుదరవు. బరువును బట్టి వేగం అన్న నియమం అక్కడే కూలింది. ఇంతవరకు పేచీ లేదు.

‘కనుక అన్నీ సమంగా పడతాయి’ అనడంలోనే చిక్కు. బరువు స్థానంలో విద్యుదావేశం పెట్టి చూడండి. ఒకే ద్రవ్యరాశి గల రెండు గోళీలు. ఒకదాని ఆవేశం 8, రెండోదానిది 4. గురుత్వాన్ని పక్కనపెట్టి, శూన్యంలో ఒకే విద్యుత్ క్షేత్రంలో వదిలితే త్వరణాలు 8, 4 నిష్పత్తిలో ఉంటాయి. కలిపి కడితే ఆవేశం 12, ద్రవ్యరాశి రెట్టింపు, త్వరణం 6. గెలీలియో తర్కాన్ని మక్కికి మక్కి ఇక్కడ దించితే ఆవేశాలన్నీ సమంగా పరుగెత్తాలి. పరుగెత్తవు, ఎందుకంటే త్వరణం ఆవేశం ఒక్కదాన్ని బట్టి కాదు, ఆవేశానికీ ద్రవ్యరాశికీ ఉన్న నిష్పత్తిని బట్టి ఉంటుంది. గురుత్వం విషయంలో అలాంటి నిష్పత్తి, అంటే బరువుకీ ద్రవ్యరాశికీ ఉన్నది, అన్ని పదార్థాలకూ ఒకటేనని తర్కం చెప్పలేదు, కొలిస్తే తేలింది. న్యూటన్ 11 అడుగుల దారాలకు ఒకేలాంటి చెక్క డబ్బాలు వేలాడదీసి, బంగారం, సీసం, ఉప్పు, గోధుమలు వంటివి సమాన బరువుల్లో నింపి ఊపాడు. ఆ నిష్పత్తిలో వెయ్యోవంతు తేడా ఉన్నా దొరికిపోయే ఏర్పాటది; తేడా కనిపించలేదు. 2016లో పంపిన మైక్రోస్కోప్ ఉపగ్రహం టైటానియం, ప్లాటినం మిశ్రమాల మధ్య 14వ దశాంశ స్థానం దాకా వెతికినా కనిపించలేదు.

‘కలిపి కడితే వేగం రెంటి మధ్యలో ఉంటుంది’ అన్నదీ ఊహే, గాలిలో చెల్లదు. కప్‌కేకుల కింద పెట్టే మడతల కాగితం గిన్నెలతో చూడొచ్చు. ఒక్క గిన్నెను 1 మీటరు ఎత్తు నుంచి, ఒకదాంట్లో ఒకటి దూర్చిన నాలుగింటిని 2 మీటర్ల ఎత్తు నుంచి, మూతి పైకి ఉండేలా ఒకేసారి వదిలితే దాదాపు కలిసే నేలను తాకుతాయి. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. నాలుగింతల బరువుకు రెట్టింపు వేగం, అంటే కలిపిన వేగం విడి గిన్నెల వేగాన్ని దాటింది. ఫ్యాన్ ఆపాలి, లేకపోతే గిన్నె పక్కకు తిరిగి లెక్క చెడుతుంది.

తెలుగువాడైన అన్నంభట్టు తన న్యాయదర్శన గ్రంథం తర్కసంగ్రహంలో ‘నిప్పు లేకపోతే పొగా ఉండకూడదు’ తరహా తర్కాన్ని ప్రమాణాల్లో, అంటే నిజమైన జ్ఞానాన్నిచ్చే సాధనాల్లో, చేర్చలేదు; సంశయం, భ్రమల పక్కన అయథార్థానుభవాల్లో (నిజం కాని అనుభవాల్లో) పెట్టాడు. ప్రమాణానికి సాయం చేసేదే గానీ తానే ప్రమాణం కాదన్నది నైయాయికుల (న్యాయదర్శన పండితుల) మాట. బ్రౌన్ కంటే వారే నయమనిపిస్తుంది.

పాఠ్యపుస్తకాలు గెలీలియో వాదన పక్కనే ఈ ఆవేశాల లెక్కను అభ్యాసంగా ఇవ్వాలి. ఏ ఊహ దగ్గర వాదన తెగిందో పిల్లల చేతనే గుర్తింపజేయాలి. తొమ్మిదో తరగతికి అది మించిన పనేమీ కాదు.

– ఒక పాఠకుడు, వరంగల్