మందు పేరు సరే, పుట్టుక మాటేమిటి?

సంపాదకులకు,

నేను ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) చివరి సంవత్సరం చదువుతున్నాను. మొన్న పరీక్షలో గుండెజబ్బుకు వాడే ప్రొప్రనొలాల్ అనే మందు దుష్ప్రభావాలు రాయమన్నారు. గడగడా రాసేశాను. అది ఎలా పుట్టిందో మాత్రం అడగలేదు. గుండెకు ఆక్సిజన్ ఎక్కువ అందించే బదులు, దాని అవసరాన్నే తగ్గిస్తే పోలా అనుకున్నాడు దాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్. గుండె వేగాన్ని పెంచే అడ్రినలిన్ హార్మోన్ వెళ్లి అతుక్కునే బీటా రిసెప్టార్‌కు (కణం మీద సంకేతాలు అందుకునే ప్రోటీన్‌కు) అడ్డుపడే అణువు కోసం వెతికాడు. 1988లో నోబెల్ వచ్చింది. మాకిదంతా సిలబస్‌లో ఒక్క లైను!

ల్యాబ్‌లో మందు మోతాదు పెంచుతుంటే దాని ప్రభావాన్ని చూపే గ్రాఫ్ 'ఎస్' ఆకారంలో లేచి, ఒకచోట ఇక పెరగనని మొండికేసింది. రిసెప్టార్లన్నీ నిండిపోతే ఏమవుతుందో అప్పుడు తలకెక్కింది. అదీ కంప్యూటర్ సిమ్యులేషనే, ఒక్క మధ్యాహ్నం. బట్టీకి ఇచ్చే మార్కుల్లో సగమైనా మందు ఎలా పుట్టింది, ఎలా పనిచేస్తుంది అని అడిగే ప్రశ్నలకు కేటాయించమని విశ్వవిద్యాలయాలను కోరుతున్నాను.

- ఒక ఫార్మకాలజీ విద్యార్థిని